నతానియేలు గారి ఎయిర్‌పోర్టు బస్సు

బస్సెక్కినవాళ్లని ఏ కండక్టరైనా "ఎక్కడికి?" అని అడుగుతాడు. మా గన్నవరం సిటీ బస్సులో నతానియేలు గారు మాత్రం విమానం దిగి వచ్చినవాళ్లని "ఎవరింటికండీ?" అని అడిగేవారు.

ఇరవై ఏళ్లుగా నేను గన్నవరంలో బస్సెక్కి వన్ టౌన్‌లో చీరల హోల్‌సేల్ కొట్టుకి పనికెళుతున్నాను. మొదట్లో రోజుకి ఒకటో రెండో విమానాలు వచ్చేవి. తర్వాత అవి పెరిగాయి, వాటితోపాటు నా చిరాకూ పెరిగింది. ఎయిర్‌పోర్టు గేటు దగ్గర హైవే మీద బస్సు ఆగితే సూట్‌కేసులు ఈడ్చుకుంటూ ఎక్కి మన కాళ్ల మీద పెడతారు. ఎక్కడ దిగాలంటే "సెంటర్లో" అంటారు. మా విజయవాడలో నాలుగు దార్లు కలిసిన ప్రతి చోటూ సెంటరే. ఏ సెంటరని దింపుతాం?

అందుకే ఆయన ఇంటి సంగతి అడిగేవారు. "భవానీపురంలో పిన్ని గారింటికండీ" అంటే, ఆ పిన్ని గారి ఇల్లు కృష్ణ వైపా, కొండ వైపా, బాబాయి గారు ఏం చేస్తారు అని కూపీ లాగి, ఎక్కడ దిగి ఏ బస్సు మారాలో చెప్పేవారు. ఈలోగా బస్సు కదిలేది కాదు. ఆదివారాలు చర్చిలో పాట ఎత్తుకునే గొంతు అది, చివరి సీటు దాకా ఖంగుమనేది.

"పెళ్లిసంబంధం మాట్లాడుతున్నారా? ఆలస్యమైతే మా యజమాని తిట్లు మీరొచ్చి పడతారా?" అనేదాన్ని.

"సగం నాకిమ్మనమ్మా ధనశ్రీ. కొత్తగా దిగినోళ్లు, మనం చెప్పకపోతే ఎవరు చెబుతారు?" అని నవ్వేవారు.

ఇప్పుడు తల్చుకుంటే ఆ తిట్టుకోవడం కూడా ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

పోయిన ఎండాకాలం ఆయన గొంతులో గడ్డకి ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది గానీ మాట పోయింది. నోరు తెరిస్తే గాలే వచ్చేది. రిటైర్మెంటుకి ఇంకా ఎనిమిది నెలలుంది. డిపోవాళ్లు బస్టాండులో పార్సిల్ కౌంటర్ ఇస్తామంటే, చివరి రోజు దాకా బస్సులోనే ఉంటానని ఆయన కాగితం రాసిచ్చారు. ఒక ఆఫీసరు వచ్చి ఓ ట్రిప్పు చూస్తాడనీ, ప్రయాణికులకి ఇబ్బంది లేకపోతే బస్సు, ఉంటే కౌంటర్ అనీ తేల్చారు.

ఈ సంగతి ఆయన భార్య మార్త గారు గన్నవరం స్టాపులో నాకు చెప్పారు. "ఆ బస్సు దిగితే మనిషి ఉండలేడమ్మా" అని కొంగుతో కళ్లొత్తుకున్నారు.

ఇక నేనూరుకుంటానా? రోజూ ఎక్కేవాళ్లందరినీ కూడగట్టాను. ఆయన బదులు ఎవరి స్టాపు పేరు వాళ్లు అరవాలి. ఎయిర్‌పోర్టు గేటు మాత్రం నా వంతు.

ఆఫీసరు వచ్చిన రోజున గేటు దగ్గర ఒకావిడ పెద్ద సంచితో ఎక్కింది. నతానియేలు గారు జేబులోంచి చిన్న నోట్‌బుక్కు తీసి, పెన్ను మూత తీస్తున్నారు. నేను ఆగలేదు.

"ఎవరింటికండీ?" అన్నాను.

"మా అక్క కూతురు జ్యోతిర్మయి ఇంటికమ్మా. సెంటర్లో దిగమంది."

బస్సంతా నవ్వింది. కుట్టుపని చేసే ఆదిశేషయ్య గారు "మీ అల్లుడు ఏం చేస్తాడండీ?" అన్నారు. రైల్వే అంది. నర్సు శాలిని "అయితే సత్యనారాయణపురమే, రైల్వే కాలనీ" అని తేల్చి, ఎక్కడ దిగి ఆటో ఎక్కాలో చెప్పేసింది. అక్కణ్ణుంచి నిడమానూరు, ఎనికేపాడు, ప్రసాదంపాడు, ఒక్కో స్టాపుకి ఒక్కో గొంతు. రామవరప్పాడు రింగు దగ్గర నలుగురు ఒకేసారి అరిచారు. తిరనాళ్లకి వెళ్తున్నట్టుంది. మధ్యలో ఒకసారి ఆయన వంక చూశాను. టిక్కెట్ల మిషను మెడలో వేలాడుతుంటే, కమ్మీ పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. కళ్లు తడిగా ఉన్నాయి. సంతోషమనుకున్నాను.

బస్టాండులో ఆఫీసరు లేచి, "ఇబ్బందేమీ లేదండీ, కంటిన్యూ అవండి" అని సంతకం పెట్టి వెళ్లాడు. మేం చప్పట్లు కొట్టాం. ఆ రోజంతా కొట్లో నా గొప్ప నేనే చెప్పుకున్నాను.

తర్వాతి సోమవారం బస్సులో వేరే కండక్టరున్నాడు. బస్టాండులో దిగి చూద్దును గదా, నతానియేలు గారు పార్సిల్ కౌంటర్లో మూటలకి చీటీలు అంటిస్తున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆ ఆఫీసరు సంతకం పెట్టి పోయాడు కదా? మిమ్మల్నెవరు దింపారో చెప్పండి, నేను చూసుకుంటా."

ఆయన ఓ కాగితం తీసుకుని రాశారు. "ఎవరూ దింపలేదమ్మా. నేనే అడిగాను."

"ఎందుకండీ?"

వెనక లైను పెరుగుతున్నా ఆయన నిదానంగా రాసి కాగితం నా వైపు తిప్పారు.

"మీరంతా నా మీద ప్రేమతోనే చేశారు. కానీ ఆ ట్రిప్పులో నాతో పనేమీ లేకపోయింది. రాసి చూపించి అడుగుదామనుకున్నాను, వారం రోజులు ఇంట్లో మార్తతో ప్రాక్టీసు కూడా చేశాను. ఇక్కడైతే నా బదులు ఎవరూ మాట్లాడరు."

ఆ కాగితం మడిచి పర్సులో పెట్టుకుని కొట్టుకి నడిచాను.

ఆ రోజు నేను నోరెత్తకపోతే ఆయన రాసేవారు, సంచితో ఎక్కినావిడ కళ్లజోడు పెట్టుకుని చదువుకునేది, జవాబు చెప్పేది. మహా అయితే రెండు నిమిషాలు పట్టేది. నేనే ఆగలేకపోయాను.