ట్రాక్టరు ముక్కు మీద బొట్టు

నా చిన్నప్పుడు మా ఇంట్లో రెండు ట్రాక్టర్లు ఉండేవి. ఒకటి మా నాన్నది. పిట్టలవానిపాలెం చుట్టుపక్కల పొలాల్లో దమ్ము చేసి, ఒళ్లంతా బురదతో పొద్దుగూకే వేళకు ఇల్లు చేరేది. రెండోది నాది, నా అరచేతిలో పట్టేది. పెద్దది కొన్న రోజున తెనాలి షోరూమువాళ్లు తాళాలతో పాటు నాన్న చేతిలో పెట్టిన బొమ్మ అది. ప్లాస్టిక్కు కాదు, పోత పోసిన లోహం. నీలం బానెట్టు, తెల్ల చక్రాలు, నిటారుగా నిలబడ్డ పొగగొట్టం, అన్నీ పెద్దదాన్ని చూసి దించినట్టు ఉండేవి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట ఇది.

దసరాకి నాన్న పెద్ద ట్రాక్టరును కాలవ దగ్గర కడిగి తెచ్చి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచేవాడు. ఆ తర్వాత నా బొమ్మ వంతు. నిమ్మకాయలు దానికి మరీ పెద్దవవుతాయని చింతగింజలు పెట్టేవాడు. పొడి కుంకుమ లోహం మీద నిలవదు కాబట్టి చుక్క గేరు నూనెలో కలిపి, అగ్గిపుల్ల కొసతో ముక్కు దగ్గరున్న జల్లెడ గాడుల్లో అద్దేవాడు. పెద్దదానికి పెట్టి దీనికి పెట్టకపోతే అలుగుద్దమ్మా అనేవాడు. ఏటా పాత బొట్టు మీదే కొత్త బొట్టు పడి, ఆ ఎరుపు గాడుల్లో గట్టిగా గడ్డకట్టిపోయింది.

నేను అయిదో తరగతిలో ఉండగా ఒక వానాకాలం నాన్న జ్వరంతో పోయాడు. పెద్ద ట్రాక్టరు అమ్మేశారు. అమ్మా నేనూ తెనాలిలో మా బాబాయి ఇంటికి చేరాం. నాన్నకు తమ్ముడైన ఆ బాబాయికి ట్రాక్టరు విడిభాగాల కొట్టు ఉండేది. ఆ ఇంట్లో మాకు తిండికి లోటు చేశారని అనలేను. అనను కూడా. అమ్మ వంటింట్లోకి వెళ్లింది, ఇక అక్కడి నుంచి బయటికి రాలేదు, అంతే. అన్నం పెట్టిన ఇంట్లో నోరు పెద్దది చేయకూడదని నాకు మొదటి రోజే చెప్పింది.

బాబాయికి బొమ్మ ట్రాక్టర్లు పోగుచేసే పిచ్చి. ముందు గదిలో అద్దాల బీరువా నిండా అవే. దేవుడి పటాలకు రెండు రోజులకోసారి దుమ్ము దులిపితే వాటికి రోజూ దులిపేవాడు. తెనాలి నుంచి రేపల్లె దాకా ఏ రైతు ఇంట్లో ఏ బొమ్మ ఉందో ఆయన నాలుక చివర ఉండేది. మేం వచ్చిన వారంలోనే నా బొమ్మను తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. మర్నాడు దాని బదులు తళతళలాడే కొత్త బొమ్మ తెచ్చి ఇచ్చాడు. నీది పెచ్చులూడిపోయిందమ్మా, షోరూములో ఇచ్చి మార్పించాను అన్నాడు. నేను ఏడ్చాను. కొత్తదిచ్చినా ఏడుపేనా అని పిన్ని విసుక్కుంది. అమ్మ తలుపు పక్క నుంచి చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ తర్వాత నన్ను మంచి చేసుకోవడానికో, ఆ ఇంట్లో ఆయన గోడు వినేవాళ్లు ఇంకెవరూ లేకనో, బాబాయి నాకు బొమ్మల విద్య నేర్పాడు. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి, చూసే కన్నుండాలి అనేవాడు. మొదట పోసిన అచ్చులో స్టీరింగు కూడా లోహమే. తర్వాత ఖర్చు తగ్గించుకోవడానికి నల్ల ప్లాస్టిక్కు పెట్టారు. పొగగొట్టం మొదట్లో పొడుగ్గా ఉండేది, పిల్లలు విరిచేస్తున్నారని పొట్టిది చేశారు. బానెట్టు మీది తెల్ల గీత మొదటివాటికి రంగుతో వేసింది, తర్వాతివాటికి అంటించింది. గోరుతో తడిమితే అంచు తగిలేది. అన్నిటికన్నా ముందు బండిని తిరగేసి అడుగు చూడమనేవాడు. పైన రంగు ఎవడైనా వేస్తాడు, అడుగు జోలికి ఎవడూ పోడమ్మా అనేవాడు. మొదటివాటి అడుగు రేకుకు రివెట్లు కొట్టి ఉంటాయి, తర్వాతివాటికి మరలు ఉంటాయి. కళ్లు మూసుకుని వేళ్లతో తడిమి ఏది ఏ అచ్చో చెప్పేసేదాన్ని. ఇంటికొచ్చిన వాళ్ల ముందు నా చేత చెప్పించి మురిసిపోయేవాడు. ఆ సాయంత్రాల్లో ఆయనంటే నాకు ఇష్టంగానే ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండేది ఆ ఇష్టానికే.

ఆయనిచ్చిన కొత్త బొమ్మ అడుగున మరలున్నాయి. నాదానికి రివెట్లు ఉండేవని నాకు బాగా గుర్తు. నాన్న పక్కన పడుకుని వాటిని గోటితో గీరేదాన్ని. అంటే నాది మొదటి అచ్చన్నమాట. ఆ సంగతి తట్టిన రోజున ఎవరూ లేనప్పుడు అద్దాల బీరువా అంతా వెతికాను. కనబడలేదు. నిజంగానే షోరూములో ఇచ్చేశాడు కాబోలని, ఆయన్ని అనుమానించినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

ఒక ఆదివారం బాపట్ల నుంచి ఒక సారు వచ్చాడు. అక్కడ కాలేజీలో పాఠాలు చెప్పేవాడు, ఆయనకీ ఇదే పిచ్చి. వెనక తగిలించే ట్రక్కుతో సహా ఉన్న ఒక బొమ్మ తెచ్చాడు. దానికోసం బాబాయి ఎన్నాళ్ల నుంచో మొహం వాచి ఉన్నాడు. దానికి బదులు ఇవ్వడానికి బాబాయి పడకగది బీరువాలోంచి మెత్తటి గుడ్డలో చుట్టిన బొమ్మ ఒకటి తెచ్చి విప్పాడు. నేను మంచినీళ్ల గ్లాసుల పళ్లెం పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను.

ఇది మొదటి అచ్చే గానీ మామూలు మొదటి అచ్చు కాదండి అన్నాడు బాబాయి. ముందు జల్లెడలో ఎరుపు చూడండి, కంపెనీవాళ్లు మొదట్లో ఏవో కొన్నిటికే ఆ రంగు వేసి మానేశారు, రేపల్లెలో ఒక ముసలాయన దగ్గర దొరికింది అని చెప్పాడు. సారు భూతద్దం తీసి ఆ గాడుల్లోకి చాలాసేపు చూశాడు. ఇట్టాంటిది నేనెక్కడా చూళ్లేదండి అన్నాడు.

నేను స్టీరింగు చూశాను, లోహమే. పొగగొట్టం చూశాను, పొడుగ్గా ఉంది. సారు తిరగేసినప్పుడు రివెట్లు కూడా కనబడ్డాయి. ఇక ఆ ఎరుపు సంగతి నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతి తెలియదు గానీ, నాకు మాత్రం పట్టుకునే విద్య ఆ దొంగే నేర్పిపెట్టాడు. పాపం, కంపెనీ రంగుకూ వదిన చేతి భరిణలోని కుంకుమకూ తేడా మాత్రం ఆయనకే తెలియలేదు.

సారు బొమ్మను సంచిలో పెట్టుకోబోతుంటే నాకు అమ్మ చెప్పిన బుద్ధి గుర్తులేదు. బండి బాపట్ల వెళ్లిపోతోందని ఒక్కటే తెలుసు.

“అది రంగు కాదండి, కుంకుమ. మా నాన్న పెట్టింది. ఆ బండి నాదండి,” అన్నాను.

బాబాయి నవ్వాడు. తండ్రి పోయిన బెంగలో ఏదో అంటోందండి, చిన్నపిల్ల అన్నాడు. ఆ నవ్వులో బెదురు నాకు తెలుస్తూనే ఉంది. సారు చెడ్డవాడు కాదు. ఏదైనా తేలేదాకా నిద్రపట్టని రకం. కంపెనీ రంగైతే కిరసనాయిలుకి చెక్కుచెదరదు, కుంకుమైతే వచ్చేస్తుంది, కాస్త దూది ముంచుకు రామ్మా, తేల్చేద్దాం అన్నాడు.

నేను వంటింట్లోకి పరిగెత్తాను. అమ్మ కిరసనాయిలు సీసా అందుకుంది గానీ, ఎందుకని అడిగింది. కుంకుమేనని తేలిపోద్ది, బండి మనకొచ్చేస్తది అని గబగబా చెప్పాను. అమ్మ సీసా మూత మీద చెయ్యి పెట్టి ఆగిపోయింది.

“బండి పోతే పోయిందిలే తల్లీ, పట్టుకెళ్లనీ. బొట్టు మాత్రం తుడవనీయకు,” అంది.

బాబాయికి భయపడి అంటోందనుకున్నాను. అమ్మ ఎప్పుడూ ఇంతే, మనదేదీ మనదనదు అని లోపల కోపం పొంగింది. సీసా లాక్కుని, దూది ముంచుకుని ముందు గదిలోకి వచ్చాను.

సారు ఓపిగ్గా తుడిచాడు. దూదిని సన్నగా మెలిపెట్టి ఒక్కొక్క గాడిలోంచీ లాగాడు. తెల్ల దూది ఎర్రబడింది. పాప చెప్పిందే నిజమండి అన్నాడు. బాబాయి ఆ మెత్తటి గుడ్డను మడతలు పెట్టసాగాడు. నేను నెగ్గాను. నాకింకా గుర్తే, గంతులేయాలనిపించింది. తర్వాత బొమ్మ వైపు చూశాను. ముక్కు మీద జల్లెడ శుభ్రంగా, ఉత్త లోహం మెరుస్తూ ఉంది. నాన్న అగ్గిపుల్లతో వంగి కూర్చుని పెట్టిన దసరాలన్నీ పళ్లెంలో ఒక దూదిముక్కగా పడి ఉన్నాయి.

సారు తన బొమ్మ తాను సంచిలో పెట్టుకుని రైలుకు వెళ్లిపోయాడు. బాబాయి అరవలేదు, కొట్టలేదు. ట్రాక్టరు నా చేతిలో పెట్టి, తీసుకో, ఇప్పుడిది అన్నిట్లాంటిదే అన్నాడు. పేరెత్తకపోయినా, మా నాన్న గురించి ఆ ఇంట్లో అన్న మాటల్లో నాకు అంతకన్నా చెడ్డ మాట లేదు. దూది కోసం చూస్తే, పిన్ని అప్పటికే పళ్లెం దులిపి కడిగేసింది. అమ్మతో బాబాయి చాలా రోజులు మాట్లాడలేదు. అమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

నాన్న పోయిన పదో రోజున అమ్మ నుదుటి బొట్టు తీసేసినప్పుడు నన్ను పక్కింటికి పంపేశారు. అది ఎలా ఉంటుందో నేను చూడలేదు. అమ్మకు తెలుసు. ఆ సీసా మూత ఎందుకు తీయలేకపోయిందో అర్థం కావడానికి నాకు ఏళ్లు పట్టింది. అర్థమైన రోజున చెబుదామంటే అమ్మ లేదు.

ఇప్పటికీ ఏ వస్తువు చేతికొచ్చినా ముందు తిరగేసి అడుగు చూస్తాను. అది బాబాయి విద్య, ఆయన మీద కోపం పోలేదు గానీ విద్య పోగొట్టుకోలేదు. నీ మాట నిజమని రుజువు చెయ్యి అని ఎవరైనా అంటే మాత్రం, ఆ రుజువుకు ఏం తుడిచిపెట్టాల్సి వస్తుందో చూసుకుంటాను. చాలాసార్లు నోరు మూసుకుని ఓడిపోయి వచ్చేస్తాను. అది అమ్మ విద్య. మా అమ్మాయి ఏటా దసరాకి ఆ బొమ్మ ట్రాక్టరుకు కుంకుమ పెడతానని గొడవ చేస్తుంది. చింతగింజలు పెట్టుకోమంటాను, బొట్టు మాత్రం పెట్టనివ్వను. ఎందుకో ఇంకా చెప్పలేదు. ఆ బొమ్మలో ఎన్నో రకాలున్నాయని బాబాయి వేళ్లు మడిచి చెప్పేవాడు. నాకు తెలిసినవి రెండే. నాన్న బొట్టు ఉన్నది ఒకటి, తుడిచేసింది ఒకటి. నా దగ్గరున్నది రెండోది.