తిరిగి రానివాళ్ల పేర్లు

సిస్టరమ్మ పోయిందని ఆమె కూతురు ఫోన్ చేసేటప్పటికి నేను క్లినిక్‌లో రోగులను చూస్తున్నాను. "సార్, అమ్మ తెల్లారంగ పోయింది. రేపు పన్నెండు గంటలకు మట్టి. మీకు తప్పకుంట చెప్పమని అమ్మ ముందుగాల్నే చెప్పిపెట్టింది" అంది. "వస్తున్ననమ్మా" అని ఫోన్ పెట్టేసి, ఎదురుగా కూర్చున్న ముసలాయనకు మందుల చీటీ రాసిచ్చాను. ఆయన తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. మందు పేరు రాశాను గానీ ఎన్ని పూటలు వేసుకోవాలో రాయలేదు.

తొమ్మిదేళ్లు ఆమె నా దగ్గర పనిచేసింది. సర్కారు దవాఖానలో హెడ్ నర్సుగా రిటైరైన మనిషి. మంచిర్యాలలో నేను కొత్తగా క్లినిక్ తెరిచిన నెలలో తనే నడుచుకుంటూ వచ్చి, "ఇంట్ల కూసుంటే కాళ్లు పట్టుకపోతయ్ సార్, పనేమన్న ఉంటే చెప్పుండ్రి" అని అడిగింది. బోథ్ దగ్గరి పల్లెలో, మిషన్ చర్చికి చెందిన రైతు కుటుంబంలో పుట్టింది. ఆదివారం ప్రార్థన మానేది కాదు. ఆమె అసలు పేరుతో పిలిచినవాళ్లను నేను చూడలేదు. అందరికీ సిస్టరమ్మే.

రోగుల కార్డుల మీద ఆమె పెన్సిల్‌తోనే రాసేది. పెన్ను వాడమంటే, "పేషెంటు ఇయ్యాల ఒకటి చెప్తడు, రేపు ఇంకోటి చెప్తడు. దిద్దుకునే జాగ ఉండాలె సార్" అనేది. ఒకసారి భుజం నొప్పితో వచ్చిన ఒకావిడను నేను, "తగ్గిందా?" అని అడిగాను. తగ్గిందని ఆమె తలూపింది. పక్కనే బీపీ చూస్తున్న సిస్టరమ్మ తల ఎత్తకుండానే అడిగింది.

"నీళ్ల బిందె ఎత్తుతున్నవా?"

"యాడ సిస్టరమ్మా? పక్కింటి పిల్ల తెచ్చి పోస్తుంది."

"మరి ఏం తగ్గినట్టే?"

ఆవిడ నవ్వేసింది. ఆమె వెళ్లాక సిస్టరమ్మ నాతో, "మీ మొహం చూసి మర్యాదకు తగ్గిందంటరు సార్. నొప్పి ఎంతుందని అడగొద్దు. ఇంట్ల ఏం పని చేసుకుంటున్నరో అడుగుండ్రి" అంది. ఆ మాట నాకు నచ్చింది. తర్వాత చాలా చోట్ల నా సొంత మాటలాగా చెప్పుకున్నాను కూడా. సిగ్గుపడాల్సినవాటిలో అది చాలా చిన్నది.

ఆ రోజుల్లో నడుము నొప్పికి నేను ఒక సూదుల కోర్సు ఇచ్చేవాణ్ని. వారానికొకటి చొప్పున మూడు సూదులు, అందులో స్టెరాయిడ్. నొప్పి మళ్లీ వస్తే ఇంకో కోర్సు. నస్పూర్ నుంచి బొగ్గుబావి కార్మికులు, రిటైరైనవాళ్లు ఆటోల్లో వచ్చేవారు. గోడ పట్టుకుని వచ్చినవాడు మూడో రోజుకు నిటారుగా నడిచొచ్చి దండం పెట్టేవాడు. నా పేరు ఊళ్లు దాటింది. కరీంనగర్‌లో డాక్టర్ల సమావేశం ఒకటి జరగబోతుంటే, నా అనుభవం గురించి మాట్లాడమని పిలిచారు. నేను పొంగిపోయాను. సూదులు తీసుకున్నవాళ్ల కార్డులన్నీ బయటికి తీసి, ఎంతమందికి తగ్గిందో లెక్క తేల్చమని సిస్టరమ్మకు చెప్పాను.

ఆమె కార్డులను రెండు కుప్పలు చేసి నా ముందు పెట్టింది.

"గీ కుప్పల ఉన్నోళ్లు మళ్ల వచ్చి తగ్గిందని చెప్పినోళ్లు సార్. గా కుప్పలోళ్లు సూదులు ఏయించుకొని పోయిండ్రు, మళ్ల రాలే. వీళ్లను ఏ కుప్పల రాయాలె?"

"తగ్గినోళ్లల్ల రాయుండ్రి. తగ్గింది కాబట్టే రాలే."

"తగ్గకపోయినా రారు గద సార్. ఇంకో డాక్టర్ దగ్గరికి పోతరు."

"బాధ చెప్పుకుంట నా దగ్గరికి ఎవలన్న వచ్చిండ్రా అమ్మా? ఫికర్ చేయకుండ్రి, రాసెయ్యుండ్రి" అన్నాను.

ఆమె రాయలేదు. ఆ మాట నాకు చెప్పనూ లేదు. నాలుగు ఆదివారాలు, ప్రార్థన అయిపోగానే, రాని మనుషుల అడ్రసులు పట్టుకుని బస్సెక్కింది. నస్పూర్ కాలనీల్లో గల్లీ గల్లీ తిరిగింది. అరవై దాటిన మనిషి, ఎండాకాలం. ఐదో వారం సోమవారం పొద్దున ఒక నోట్‌బుక్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది.

పేజీకొక మనిషి. కొందరికి నిజంగానే బాగుంది. చాలామందికి నెల తిరక్కుండానే నొప్పి మళ్లీ వచ్చింది. ఒకామెకు షుగర్ పెరిగి కాలి పుండు మానడం లేదు. రాజయ్య అనే రిటైరైన కార్మికుడి పేజీలో ఇలా ఉంది: 'నాలుగు కోర్సులు ఏయించుకున్నడు. ఇప్పుడు నడుము కాదు, తుంటిల నొప్పి. కింద కూసుండలేడు. వంగలేడు.'

నోట్‌బుక్ వెనక భాగంలో ఇంకొన్ని పేర్లు ఉన్నాయి. అవి నేను అడగనివి. సూది అంటే భయపడి, మాత్రలు మాత్రమే తీసుకుని వెళ్లిపోయినవాళ్ల పేర్లు. వాళ్ల ఇళ్లకు కూడా వెళ్లొచ్చింది.

"వీళ్లెందుకు?" అన్నాను.

"సూది వద్దన్నోళ్లు కూడా గట్లనే లేచి తిరుగుతున్నరు సార్. మస్తు నొప్పి లేసినప్పుడే గద దవాఖానకొస్తరు? అంత నొప్పి కొన్ని దినాలకు దానంతట అదే జర తగ్గుతది. సూదితోని తగ్గిందా, దినాలు గడిస్తె తగ్గిందా? వీళ్లను చూడకపోతె మనకెట్ల ఎరుకైతది?"

ఇప్పుడు తలుచుకుంటే ఆ మాట ఎంత తేటగా ఉందో. వైద్య కళాశాలలో ఇదే సంగతిని లావు పుస్తకంలో చదివి పరీక్ష రాసి పాసయ్యాను. ఒక మందు పనిచేసిందని చెప్పాలంటే, అది తీసుకోనివాళ్లతో పోల్చి చూడాలని, మధ్యలో తప్పిపోయినవాళ్లను వెతకాలని నాకు తెలియనిది కాదు. తెలిసినదాన్ని ఒక నర్సు నాకు గుర్తు చేసిందని కోపం వచ్చింది. అంతవరకు ఎప్పుడూ ఆమెను 'మీరు' అనే పిలిచేవాణ్ని. ఆ రోజు బయట బెంచీల మీద రోగులందరూ వింటుండగా, "నిన్నెవలు పొమ్మన్నరు? డాక్టర్‌వా నువ్వు? నా పేషెంట్ల ఇండ్లకు పోయి నా ఇజ్జత్ తీస్తున్నవా?" అని అరిచాను.

ఆమె బెంచీల వైపు చూసింది. తర్వాత మెల్లగా, "ఎవలు పొమ్మనలే సార్. నేనే పోయిన" అని సూది మందు గదిలోకి వెళ్లిపోయింది. నోట్‌బుక్‌ను మాత్రం టేబుల్ మీదే వదిలేసింది.

కరీంనగర్‌కు నేను మొదటి కుప్పతోనే వెళ్లాను. తిరిగొచ్చి తగ్గిందన్నవాళ్ల సంగతే చెప్పాను. చప్పట్లు కొట్టారు. భోజనాల దగ్గర ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక కుర్ర డాక్టర్ నా పక్కన కూర్చుని, ఏ సూది, ఎంత మోతాదు అని అడిగి రాసుకున్నాడు. నేను విడమరిచి చెప్పాను.

మరునాడు క్లినిక్ తాళం తీస్తుంటే సిస్టరమ్మ అడిగింది.

"రానోళ్ల ముచ్చట గూడ చెప్పిండ్రా సార్?"

"చెప్పిన" అన్నాను.

ఆమె ముఖం ఒక్కసారిగా తేటపడింది. "మంచిగ చేసిండ్రు సార్. అందరి ముంగట గట్ల చెప్పుడు తేలిక ముచ్చట కాదు" అంది. ఆ వారమంతా నాకు జొన్నరొట్టెలు తెచ్చింది. నేను తిన్నాను.

ఏడాది తర్వాత ఆ సూదుల కోర్సు మానేశాను. కారణం ఎవరికీ చెప్పలేదు. మెల్లమెల్లగా తగ్గించి, అడిగినవాళ్లకు మందు దొరకడం లేదన్నాను. ఒక్కసారి మాత్రం ధైర్యం చేసి ఆ కుర్ర డాక్టర్‌కు ఫోన్ చేశాను. "ఇంకా ఇస్తున్నవా?" అంటే, "ఇస్తున్ననన్నా, మీ పుణ్యం. బాధ ఉందని మళ్ల వచ్చినోళ్లు లేరు" అన్నాడు. నా మాటే నాకు అప్పజెప్పాడు. నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సందు దొరకదు. నేను వాళ్ల పిల్లల చదువుల గురించి అడిగి ఫోన్ పెట్టేశాను.

మోకాళ్లు సహకరించక సిస్టరమ్మ పని మానేసి బోథ్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. క్లినిక్‌ను పెద్ద బిల్డింగులోకి మార్చినప్పుడు పాత కాగితాలతో పాటు ఆ నోట్‌బుక్ కూడా పోయింది. పారేయమని చెప్పింది నేనే. లోపల ఏముందో తెలిసే చెప్పాను.

కూతురు ఫోన్ చేసిన మరునాడు బోథ్‌కు నేను చేరేసరికి పదకొండయింది. ఇంటి ముందు టెంటు కింద జనం ఉన్నారు. కూతురు నన్ను చూసి ఎదురొచ్చి, పక్కనున్న పాస్టర్‌కు చూపించింది. "అయ్యగారూ, గీ సారే. తన మందుతోని తగ్గనోళ్ల పేర్లు గూడ అందరు డాక్టర్ల ముంగట సదివిండని అమ్మ చెప్తుండె గద. మా సార్ అసొంటి మనిషి అని చుట్టాలందరికి చెప్పింది" అంది. పాస్టర్ నా చేతులు రెండూ పట్టుకున్నారు.

ఆ చేతులు విడిపించుకుని, కూతురిని ఇంటి వెనక గోడ దగ్గరికి పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ పేర్లు చదవలేదని, చదివానని సిస్టరమ్మకు అబద్ధం చెప్పానని. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"అమ్మకు చెప్పకపోతిరి సార్" అంది. "చెప్తె కోపానికొచ్చేది. రెండు దినాలు మాట్లాడకపోతుండె. మళ్ల తనే మిమ్ముల తోలుకొని గా ఇండ్లకు పోతుండె. ఇప్పుడు నాకు చెప్తె ఏమొస్తది? ఎవలకు చెప్పాలెనో వాళ్లకు చెప్పుండ్రి" అంది.

ఇది రాస్తున్నది అందుకే. ఆ రోజు కరీంనగర్ హాల్లో ఉన్నవాళ్లలో కొందరైనా దీన్ని చదువుతారు. ఆ డాక్టర్‌కు కూడా ఈసారి పిల్లల సంగతి ఎత్తకుండా ఫోన్ చేసి అంతా చెప్పాను. స్టెరాయిడ్ ఎక్కువైతే తుంటి ఎముక దెబ్బతినొచ్చు; రాజయ్య తుంటి నా సూదుల వల్లనే పాడైందని ఖాయంగా అనలేను. కాదనీ అనలేను. తెలుసుకునే దారిని సిస్టరమ్మ నాలుగు ఆదివారాలు నడిచి నా టేబుల్ మీదికి తెచ్చింది. దాన్ని మూసేసింది నేను.

ఆ మధ్యాహ్నం అందరం వెళ్లిన సమాధుల తోట ఊరి చివర, పత్తి చేలను ఆనుకుని ఉంది. పెట్టె దించాక ఒక్కొక్కరే వచ్చి పిడికెడు మట్టి వేస్తున్నారు. ఒక పక్కగా నిలబడ్డ కొందరి ముఖాలు ఎక్కడో చూసినట్టు అనిపించాయి. నస్పూర్ నుంచి బండి మాట్లాడుకుని, తెల్లవారుజామున బయలుదేరి వచ్చారట. మందుల కోసం వచ్చినప్పుడు తప్ప వాళ్లను చూడడం అదే మొదలు. సూదులు వేయించుకుని మళ్లీ నా గుమ్మం తొక్కనివాళ్లు, సూది వద్దని వెళ్లిపోయినవాళ్లు. ఆమె ఆ నాలుగు ఆదివారాలతో ఆగలేదని, మోకాళ్లు సహకరించినన్నాళ్లూ వాళ్ల ఇళ్లకు పోతూనే ఉండేదని అక్కడే తెలిసింది.

చేతికర్ర పట్టుకుని రాజయ్య ముందుకొచ్చాడు. గుంత అంచున ఆగి, మట్టి కుప్ప వైపు చూశాడు. వంగబోయి ఆగిపోయాడు. పక్కన నేనున్నానని అప్పుడు గమనించాడు.

"సార్, మీరా? జర మట్టి తీసియ్యుండ్రి. నాకు వంగరాదు."

వంగి, రెండు చేతులతో నల్లమట్టి తీసి ఆయన అరచేతిలో పోశాను. ఆయన దాన్ని కాసేపు పట్టుకుని, వేళ్లు వదులు చేసి గుంతలోకి జారవిడిచాడు. వెనకనే, కాలికి గుడ్డ కట్టుకున్న ఒక ముసలామె నా వైపు చెయ్యి చాపింది. నేను మళ్లీ వంగాను.