మా తోడికోడలు చదువుకుంది

మా తోడికోడలు పోయిందన్న కబురు నాకంటే ముందు మా అమ్మాయికి తెలిసింది. భీమవరం ఆస్పత్రి నుంచి మా మరిది ముందు రాజమండ్రిలో ఉన్న దానికి ఫోన్ చేశాడు. అది నాకు చేసింది. "అమ్మా, పిన్ని ఇక లేదమ్మా" అని ఏడ్చింది.

ఒకే ఇంట్లో, గోడకి ఇవతలి వాటాలో ముప్పై ఏళ్ళు కాపురం చేసినదాన్ని నేను. ముందు నాకు చెప్పాలి కదా అని ఉక్రోషం వచ్చింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. ఈ వరస దాచిపెట్టి ఆమె గురించి రాయడం నాకు చేతకాదు. ఆమె మీద నాకు ప్రేమ లేదని కాదు. ఆ ప్రేమ కంటే అసూయ ముందు పుట్టింది, అంతే.

మాది నరసాపురం. పెళ్ళయ్యేనాటికి నేను బీఏ పాసయ్యాను. మా అత్తవారి వీధిలో అంత చదివిన కోడలు లేదు. ఆదివారం ప్రార్థన అయ్యాక గుడి నుంచి వస్తూ దారిలో ఎవరు కనబడినా అత్తయ్యగారు ఆగి, "మా పెద్దకోడలండి, బీఏ" అని చెప్పేవారు. ఉద్యోగం మాత్రం చేయలేదు. మావారికి ఇష్టం లేదన్నారు, నేనూ గట్టిగా అడగలేదు. ఆ రెండక్షరాలే నా నగ, నా ఆస్తి.

నాలుగేళ్ళ తర్వాత ఆమె చిన్నకోడలిగా వచ్చింది. సముద్రం వైపు పల్లె. మూడో తరగతిలో బడి మానిపించి చేతికి లేసు సూది ఇచ్చారట. ఎంత కష్టమైన డిజైనైనా ఒకసారి చూస్తే అల్లేసేది. చదవడం మాత్రం రాదు. మందు చీటీ నేనే చదివి పెట్టాలి, పుట్టింటి నుంచి వచ్చిన ఉత్తరం నేనే చదవాలి, బస్టాండులో బోర్డూ నేనే. "అక్కా, ఇది ఏ ఊరిదండి?" అని నా చెంగు పట్టుకుని అడిగేది. నేను విసుక్కున్నట్టు చెప్పేదాన్ని. లోపల ఎంత సంతోషంగా ఉండేదో ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఒక మధ్యాహ్నం వాకిట్లో కూర్చుని అల్లుతూ, తల ఎత్తకుండానే అడిగింది.

"నాకు చదువు చెప్తారా అక్కా?"

"ఇప్పుడు నీకు చదువేంటే? రేపు పిల్లలు పుడితే వాళ్ళని చదివించుకో."

"అలాగేనండి" అంది. మళ్ళీ నన్ను అడగలేదు.

అప్పటికి మా అమ్మాయి రెండో తరగతి. సాయంత్రం పలక పట్టుకుని పిన్ని పక్కన చేరేది. ఇది గట్టిగా చదువుతుంటే ఆమె లేసు అల్లుకునేది. పిల్ల ఒద్దికగా చదువుకుంటోంది కదా అనుకున్నాను. ఎవరు ఎవరికి చెప్తున్నారో ఏడాది దాకా నాకు తెలియలేదు.

తెలిసిన రోజు బాగా గుర్తుంది. ఇద్దరం పాలకొల్లు వెళ్ళాలి. వచ్చిన బస్సు వచ్చినట్టే నేను మెట్టు మీద కాలు పెట్టాను. వెనక నుంచి చెయ్యి పట్టుకుని ఆపింది.

"అది మొగల్తూరుదక్కా. మనది అవతలుంది."

"నీకెలా తెలుసు?"

"రాసి ఉంది కదండీ" అంది. నవ్వలేదు. గొప్పకి పోలేదు. పోయినా బాగుండేది, కోప్పడడానికి వీలుండేది. పాలకొల్లు చేరేదాకా నేను కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను.

ఇక అక్కడి నుంచి ఆమె చదవని కాగితం లేదు. ఉప్పు ప్యాకెట్టు, కేలెండరు వెనక వైపు, పకోడీ పొట్లం విప్పితే ఆ నూనె కాగితం కూడా సాపు చేసి పైకి చదివేది. సగం చిరిగిన వార్త ఎలా అయిపోయి ఉంటుందో రాత్రి అన్నాల దగ్గర అందరినీ అడిగేది. మావారు నవ్వేవారు. రోజూ పేపరు చదివే నన్ను ఏనాడూ ఒక వార్త గురించి అడగని మనిషి, ఆమెతో వాదించేవారు.

తర్వాత ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టింది. ఇప్పుడు చెప్పబోయేది నేను ఇంతవరకు మా అమ్మాయికి కూడా చెప్పలేదు.

పరీక్షలు దగ్గర పడ్డాక పోస్టుమేన్ హాల్ టికెట్ తెచ్చి నా చేతికిచ్చాడు. ఆ కవరు తీసుకెళ్ళి నా బీరువాలో పట్టుచీరల కింద పెట్టాను. ఆమె రోజూ గుమ్మంలో నిలబడి పోస్టు కోసం చూసేది. రెండుసార్లు స్టడీ సెంటరుకి వెళ్ళి వచ్చింది. ఐదో రోజు నా పక్కన కూర్చుని, "రాలేదక్కా. పోన్లెండి, వచ్చే ఏడు రాస్తాను" అంది. అని మళ్ళీ సూది తీసుకుంది. ఒక పువ్వు అల్లింది, ఊడదీసింది, అదే పువ్వు మళ్ళీ అల్లింది. చేయి తప్పని మనిషి.

ఆరో రోజు పొద్దున్న ఆ కవరు తీసి, "ఇదుగో, ఇప్పుడే వచ్చింది" అని ఇచ్చాను.

ఆమె కవరు చింపలేదు. ముందు పైన చూసింది. మన పోస్టాఫీసు ముద్ర మీద వేలు పెట్టి, కూడబలుక్కున్నట్టు పెదాలు కదిపింది. ముద్రలో తేదీ ఉంటుందని నాకు తోచనే లేదు. ఆమెకి చదవడం వచ్చునన్న సంగతి ఆ ఒక్క నిమిషం నేను మరిచిపోయాను.

తలెత్తి నా మొహంలోకి చూసింది. "మన పోస్టుమేన్‌కి ఈమధ్య ఓపిక తగ్గినట్టుందక్కా" అంది. లోపలికి వెళ్ళి పుస్తకం తీసుకుంది.

పాసయింది. తెలుగులో నాకు పదిలో వచ్చినన్ని మార్కులు రాలేదని ఆ రోజు నేను స్థిమితపడ్డాను. ఎంత చిన్న మనసో చూడండి.

చదువు వల్ల దేశం బాగుపడుతుందని నేను బీఏలో వ్యాసం రాశాను. మంచి మార్కులే వచ్చాయి. అది ఎలా జరుగుతుందో మాత్రం మా వాకిట్లోనే చూశాను. లేసు పని తెచ్చే ఏజెంటు ఒకసారి ఆడవాళ్ళు అల్లిన ముక్కలు కొలత తప్పాయని, మొత్తం ఊడదీసి మళ్ళీ అల్లమని చెప్పాడు. అది కొత్త కాదు. ఎప్పుడూ ఏదో వంక పెట్టేవాడు, వీళ్ళు తలవంచుకుని ఊడదీసేవాళ్ళు. ఆమె అతని చేతిలో ఉన్న ఆర్డరు కాగితం అడిగి తీసుకుంది.

"పన్నెండు అంగుళాలని ఉందండి ఇక్కడ. మావి పన్నెండేనండి."

"అది ఇంగ్లీషమ్మా. నీకేం తెలుస్తుంది?"

"అంకెలు ఎక్కడైనా అంకెలే కదండీ. పక్కమాట కూడా తెలుసు. ఇంచెస్."

ఏ ఒక్కరూ ఊడదీయలేదు. అప్పటి నుంచి ఏ ఆర్డరైనా ఆమె చదివాకే వీధిలోకి నూలు వచ్చేది. రెండేళ్ళకి ఆడవాళ్ళంతా సంఘం కట్టుకుని ఆర్డర్లు నేరుగా తెచ్చుకున్నారు. "చూసి అల్లితే ఒక్క డిజైనే వస్తుంది, చదివి అల్లితే ఎన్నైనా వస్తాయి" అనేది.

సంఘంలో ఆమె పెట్టిన షరతు ఒకటుంది. బడి మానిపించి పిల్లని లేసుకి కూర్చోబెట్టిన ఇంటికి నూలు ఇవ్వరు. దాని మీద పెద్ద గొడవే అయింది. ఒకావిడ మా గుమ్మంలోకి వచ్చి అరిచింది.

"పిల్ల కూర్చోకపోతే పని ఎలా తెములుద్ది? నువ్వొచ్చి అల్లుతావా?"

"వచ్చి అల్లుతాను. దాన్ని మట్టుకు బడికి పంపు."

అన్నమాట ప్రకారం వెళ్ళింది. నెలల తరబడి, తన పని అయ్యాక, ఆ ఇంటి అరుగు మీద కూర్చుని ఆ పిల్ల వంతు అల్లింది. ఆ పిల్ల ఇప్పుడు ఏలూరులో నర్సు. అలాంటివాళ్ళు మా వీధిలోనే చాలామంది ఉన్నారు. సచివాలయంలో ఒకర్తె, బ్యాంకులో ఒకర్తె. ఎదురుపడితే నాకు నమస్కారం పెట్టి, "పిన్నిగారు బాగున్నారా అండీ?" అని ఆమె గురించి అడిగేవారు.

మా అమ్మాయి డిగ్రీ కాలేజీలో లెక్చరరు అయ్యింది. సన్మానం చేసిన రోజు మైకు ముందు, "నా మొదటి విద్యార్థి మా పిన్ని. నాకు పాఠం చెప్పడం నేర్పింది ఆవిడే" అంది. ముందు వరసలో ఆమె పక్కన కూర్చుని నేను చప్పట్లు కొట్టాను. కన్నది నేను, పెంచింది నేను, బీఏ నేను. చప్పట్లు మాత్రం పక్క కుర్చీకి.

నాకు యాభై దాటాక ఒకరోజు మా వాటాలోకి వచ్చింది.

"గుడి వరండాలో సాయంత్రాలు పిల్లలకి చెప్పేవాళ్ళు కావాలక్కా. నాకొచ్చింది పదోతరగతే. మీ బీఏ ఊరికే ఉంది కదా, రోజూ ఒక గంట ఇవ్వండి."

ఆమె అడిగిందనే ఏడాది పాటు వెళ్ళలేదు. ఆ తర్వాత వెళ్ళాను. మొదటి రోజు పిల్లలంతా లేచి "నమస్తే టీచర్" అన్నారు. నన్ను ఆ మాట పిలిచినవాళ్ళు అంతవరకు ఎవరూ లేరు. బోర్డు వైపు తిరిగి, తుడిచి ఉన్న బోర్డునే మళ్ళీ తుడిచాను. ఆమె ఆఖరి వరసలో పిల్లల మధ్య నోటుపుస్తకం పెట్టుకుని కూర్చుంది.

ఒకసారి సఖినేటిపల్లి వెళ్ళడానికి ఇద్దరం పడవలో రేవు దాటుతున్నాం. నీళ్ళ మీద ధైర్యం వచ్చి, "ఆ హాల్ టికెట్ సంగతి..." అని మొదలుపెట్టాను.

"రాశాను కదక్కా, పాసయ్యాను కదా" అంది. "చూడండి, నది ఎంత మీదికొచ్చిందో."

క్షమించడం కూడా నాకంటే బాగా వచ్చు ఆమెకి. దాని మీద కూడా నాకు అసూయే.

సమాధి చేసిన రోజు మా అమ్మాయి శ్మశానం గేటు దగ్గర బల్ల వేసి, వచ్చినవాళ్ళు పేర్లు రాయడానికి ఒక పుస్తకం పెట్టింది. లంకల నుంచి, సముద్రపు పల్లెల నుంచి సంఘం ఆడవాళ్ళు వస్తూనే ఉన్నారు. పుస్తకం నిండిపోతే ఎవరో బడిపిల్ల తన సంచిలోంచి రూళ్ళ నోటుపుస్తకం తీసిచ్చింది. నేను కూడా వరసలోనే నిలబడ్డాను. నా ముందు ఒక పెద్దావిడ. డెబ్భై పైనే ఉంటాయి. తన పేరు రాస్తూ ఒత్తు దగ్గర ఆగిపోయింది. కలం ఎటు తిప్పాలో గాలిలో రెండుసార్లు తిప్పి చూసుకుంది. నేను చెప్పబోయి ఊరుకున్నాను. ఎండ నడినెత్తికి వచ్చింది. గేటు దాటి రోడ్డు మలుపు దాకా ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు, ఎవరూ తొందర పెట్టలేదు. ఆవిడ మెల్లగా వంగి, ఆ ఒత్తు పెట్టింది. కాస్త వెనక్కి జరిగి తన పేరు చూసుకుంది. తర్వాత చెంగుతో కలం తుడిచి నా చేతికిచ్చింది.