చేపల బజారులో గ్రీకు శిల్పాలు

తొంభైల్లో బహ్రెయిన్‌లో నేను కారు నడిపిన జర్మన్ సారుకు ఒక అలవాటుండేది. ఎవరైనా అందంగా నిలబడి కనిపిస్తే చాలు, "రుకో భాయ్" అని ఆపి బొమ్మ గీసుకునేవాడు. ఆయన చంకలో ఎప్పుడూ ఒక పాత జర్మన్ పత్రిక నకలు ఉండేది. కళ నేర్చుకోవాలంటే గ్రీకు శిల్పాలను చూడండని చెప్పిన పత్రికట అది. కొనేవాళ్లు లేక రెండు మూడేళ్లకే మూతపడిందట.

"మూతపడ్డదాన్ని ఇంకా ఎందుకు చదువుతున్నరు సార్?" అని అడిగాను.

"నా చందా ఇంకా అయిపోలేదు," అన్నాడు వచ్చీరాని హిందీలో.

ఒక శుక్రవారం జిదాఫ్స్ మార్కెట్లో, పెద్ద చేపను భుజాన వేసుకుని పోతున్న మనిషిని ఆపాడు. గ్రీకు శిల్పంలా బరువంతా ఒక కాలి మీద వేసి నిలబడమన్నాడు. అది చూసి పుచ్చకాయలమ్మే ఆయన కూడా ఒక కాయ పైకెత్తి నిలబడ్డాడు. పక్కన ఉల్లిగడ్డల బస్తాతో ఇంకొకడు. కాసేపటికి బజారు బజారంతా కదలకుండా నిలబడి, నవ్వు ఆపుకోలేక వణికిపోతోంది.

అప్పుడే పోలీసు వచ్చాడు. వీసా ఇచ్చిన కఫీల్‌కు తెలిస్తే నన్ను ఇంటికి పంపించేస్తాడు. సారు మాత్రం తొణకకుండా పత్రిక తెరిచి, శిల్పం బొమ్మ చూపించి, చేతులు తిప్పుతూ అంతా వివరించాడు. పోలీసు ఓపిగ్గా విని టోపీ సర్దుకున్నాడు.

"నేనెక్కడ నిలబడాలి?" అని హిందీలో అడిగాడు.

నేను నవ్వి నవ్వి చేపల బల్ల పట్టుకుని కూలబడ్డాను. సారు కళ్లు తుడుచుకుంటూ, "పాపం, నడిచిన రోజుల్లో ఆ పత్రిక మాట ఇంతమంది వినలేదు," అన్నాడు.