నేలకు బెత్తెడు ఎత్తు కారు

యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. రాయడం వచ్చాక ముందుగా మా డాక్టరమ్మ గారి గురించే రాయాలనిపించింది. ఉయ్యూరు ఆసుపత్రిలో ఆవిడ కాన్పుల డాక్టరు, నేను ఆయాను. ఇద్దరం విజయవాడ నుంచి ఆవిడ స్పోర్ట్స్ కారులోనే వెళ్లేవాళ్లం. ఎర్రటి కారు, రెండే తలుపులు, నేలకు బెత్తెడు ఎత్తు. పెద్ద స్పీడ్ బ్రేకర్ వస్తే చాలు, ఆవిడ కారు ఆపేసేవారు. నేను దిగి, వంగి చూస్తూ, అడుగు తగలకుండా ఏటవాలుగా రమ్మని చెయ్యి ఊపేదాన్ని.

"ఇంత కారు కొని మామ్మని నడిపిస్తున్నారేంటండీ!" అని ఆటోవాళ్లు నవ్వేవారు.

"నడిపేది ఆవిడేనయ్యా, నేను ఉత్త డ్రైవర్ని!" అనేవారు డాక్టరమ్మ గారు.

ఒకరోజు పొద్దున్న దారిలో ఉండగా ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. కాన్పుకొచ్చిన అమ్మాయికి రక్తం పోతోందట, ఆగడం లేదట. కారు ఒక్కసారిగా ఉరికింది. దాని అసలు వేగం నేను చూసింది ఆరోజే. స్పీడ్ బ్రేకర్ కనబడగానే అలవాటుగా తలుపు మీద చెయ్యి వేశాను.

"దిగకు పిన్నీ, గట్టిగా పట్టుకో!"

అడుగున బర్రున గీసుకుపోయింది. ఆవిడ చూపు రోడ్డు మీద నుంచి కదల్లేదు. ఊరు చేరేలోపు మరో మూడుసార్లు గీసుకుంది. ఆరోజు పక్క సీట్లో ఉన్నది నేనేనని ఇప్పటికీ అందరికీ గొప్పగా చెప్పుకుంటాను.

మధ్యాహ్నానికి తల్లీబిడ్డా గండం గడిచి బయటపడ్డారు. డాక్టరమ్మ గారు బయటికొచ్చి కారు పక్కన నిలబడ్డారు. అంత ఆపరేషన్ చేసిన మనిషి, కిందికి వంగబోయి ఆగిపోయారు.

"నువ్వే చూసి చెప్పు పిన్నీ, నాకు ధైర్యం చాలట్లేదు."