డిండోలిలో నర్సయ్య నేర్చుకున్న జడ

రెండో విడత కరోనా కాస్త తగ్గిన ఎండాకాలంలో పడింది ఈ ప్రయాణం. సూరత్ శివారు డిండోలిలో ఉంటూ సాంచాల మీద, అదే మరమగ్గాల మీద, బట్ట నేసే నర్సయ్య భార్య ఆస్పత్రిలో పోయింది. మా ప్రార్థన కూటం తరఫున పరామర్శకు పోతున్న రత్నమ్మక్క నన్నూ రమ్మంది. నవ్వించడంలో నాకు పేరుంది. చావింట్లో అదేం పనికొస్తుందో ఆలోచించకుండానే బయల్దేరాను.

పొద్దున తొమ్మిదికి అడాజన్‌లో బస్సెక్కి ఉధనాలో దిగాం. అక్కణ్ణుంచి షేర్ ఆటో. మనుషుల్ని దూరం దూరంగా కూర్చోబెట్టి తలకు ముప్పై అడిగాడు డ్రైవర్. "మధ్య సీటు కరోనాకా భాయ్?" అని హిందీలో అన్నాను. అతను నవ్వలేదు. ఆ ఏడు సూరత్‌లో జోకులకు గిరాకీ లేదు.

నర్సయ్య ఇల్లు ఒక్కటే గది. మేం పోయేసరికి అతను కత్తెర పట్టుకుని నిలబడ్డాడు. ఏడేళ్ల కూతురు శ్రావణి రెండు చేతులతో జుట్టు పట్టుకుని మూలన కూర్చుంది. "నాకు జడ ఎయ్యరాదు. పేలు పడ్డయి. కత్తిరిస్తనంటే ఒకటే ఏడుపు," అన్నాడు.

"నీ బాధ నాకు తెలుసు తమ్మీ," అన్నాను.

"నీ పెండ్లాం బతికే ఉన్నది గదనే?"

"ఉన్నది."

"మరి నీకేం తెలుసు?"

నాకు ఏడుపొచ్చింది. ఎంతకీ ఆగలేదు. చివరికి నర్సయ్యే కత్తెర పక్కన పెట్టి, చెంబుతో నీళ్లు తెచ్చి, "ఊకో అన్నా," అని నా వీపు నిమిరాడు. ఓదార్చడానికి పోయి ఓదార్పు తాగిన ఘనుణ్ణి నేను.

"యేసు ప్రభువు కూడా స్నేహితుని సమాధి కాడ ఏడ్చిండు గదక్కా," అని రత్నమ్మక్కతో గొణిగాను.

"ఏడ్చి ఊకున్నడా? సమాధికున్న రాయి తియ్యుమని, చచ్చినోణ్ణి లేపిండు. చచ్చినోళ్లను లేపుడు మనతోని కాదు గని, రాయి జరుపుడు అయితది. లే, ఆ దువ్వెన అందుకో."

ఆమె జడ వెయ్యలేదు. చిక్కు తీసి, నర్సయ్యను పిల్ల వెనక కూర్చోబెట్టి, మూడు పాయలు అతని చేతికిచ్చింది. "నేనేస్తే ఇయ్యాలటికే. రేపెవరేస్తరు? పట్టు."

రోజంతా తెగిన దారాలు ముడేసే వేళ్లలోంచి జుట్టు పాయలు జారిపోయాయి. రెండుసార్లు జడ ఊడిపోయింది. మూడోసారి వంకరగా నిలిచింది. శ్రావణి జడను ముందుకేసుకుని తడిమి చూసుకుంది.

"అమ్మ ఇంకా గట్టిగ గుంజుతుండె," అంది.

అప్పుడు ఏడ్చాడు నర్సయ్య. అక్క ఏడవలేదు, బైబిలు వాక్యం చెప్పలేదు. అతను తేరుకునేదాకా పక్కనే కూర్చుంది.

ప్రేమ ఉంటే చాలు, ఎదుటివాళ్ల బాధ తెలిసిపోతుందని కూటంలో ఎన్నిసార్లు చెప్పానో. అలా తెలిసిపోదు. ఆ జడ ఎంత వదులో ఆ పిల్ల నెత్తికే తెలుసు. మనం చెయ్యగలిగింది దువ్వెన అందించడం, పక్కన కూర్చోవడం.

ఇలాంటి ఇంటికి పోయేవాళ్లకు ఒక్క మాట. తిని పోండి, నీళ్ల సీసా వెంట ఉంచుకోండి. లేకుంటే అంత దుఃఖంలోనూ లేచి మీకు మర్యాద చేస్తారు వాళ్లు.