అరువు తీగ

ఆఫీసులో అందరూ ఆవిడని గడియారాలమ్మ అనేవాళ్ళు. మొదట్లో చాటుగా అన్నారు, తర్వాత మొహం మీదే అన్నారు, చివరికి గేటు దగ్గర కాపలా మనిషి రిజిస్టర్లో కూడా అలాగే రాసేశాడు. ఆవిడ కోప్పడలేదు. కోప్పడడానికి తీరిక దొరికితే కదా! నేలమాళిగలో రెండు తలుపుల వెనక ఓ గది, ఆ గదిలో బీరువాల్లా నిలబడ్డ ఐదు అణు గడియారాలు, అదీ ఆవిడ లోకం. అర డిగ్రీ వేడి అటూ ఇటూ అయినా వాటికి పడదు. మనిషి ఒంటి వేడి కూడా పడదని ఇద్దరికి మించి లోపలికి రానిచ్చేది కాదు. ఫోన్లు బయట అరలో పెట్టి రావాల్సిందే. ఒకసారి తనిఖీకొచ్చిన పెద్దమనిషి మూడోవాడిగా అడుగు పెట్టబోతే, "మీరు కాసేపు బయటుండండి" అని మొహం మీదే తలుపేసింది. ఆయన జన్మలో మర్చిపోయి ఉండడు.

అక్కడ తయారవుతున్నది దారి చూపే సొంత ఉపగ్రహాల వ్యవస్థ. సైన్యం కోసం కాదు, మామూలు జనం కోసం. మన లాంచీకీ, లారీకీ, అంబులెన్సుకీ ఎక్కడున్నామో చెప్పడానికి పరాయి దేశపు ఉపగ్రహాల్ని దేబిరించే పని ఉండకూడదని మొదలుపెట్టారు. దీని కిటుకంతా సమయంలో ఉంది. ఉపగ్రహం నుంచి సంకేతం ఎప్పుడు బయల్దేరింది, దాన్ని అందుకునే రిసీవర్ డబ్బాకి ఎప్పుడు చేరింది, ఆ తేడాని బట్టే దూరం లెక్క. సెకనులో పదిలక్షో వంతు తప్పిందా, మూడు వందల మీటర్లు తప్పినట్టే. అందుకని ఉపగ్రహాల్ని కనిపెట్టుకుని ఉండే ఆరు కేంద్రాల్లో ఆరు చిన్న గడియారాలు పెట్టారు. ఆ ఆరూ ఆవిడ గదిలోని ఐదింటితో ఒకే మాట మీద ఉండాలి. ఎవరి పాట వాళ్ళు పాడితే ఆకాశంలో ఎన్ని ఎగరేసినా దండగే.

వాటిని ఒక్క తాటి మీద నడపడానికి ఈ గది సమయాన్ని ఆరు కేంద్రాలకీ అందించే సొంత లైను కావాలని ఆవిడ మొదటి నెలలోనే రాసిచ్చింది. రెండేళ్ళు పడుతుందని కూడా రాసింది. సంస్థకి అధిపతి అయిన పెద్దసారు ఆ కాగితం చదివి, నవ్వి, పక్కన పెట్టాడు. తొలి ప్రయోగానికి తేదీ ముందే ప్రకటించేశాడు మరి!

"రెండేళ్ళెక్కడ ఆగుతామమ్మా? పరాయి వాళ్ళ సంకేతం అన్ని ఊళ్ళకీ వినపడుతూనే ఉందిగా. ప్రతి కేంద్రం డాబా మీదా దాన్ని పట్టే యాంటెన్నా ఒకటి పెట్టు. అది విని మన గడియారాలన్నీ సరిచేసుకుంటాయి. రెండు నెలలే, ఆ తర్వాత పీకేద్దాం."

"సార్, ఎవరి సాయం వద్దనుకున్నామో వాళ్ళ సాయంతోనే..."

"రెండు నెలలే అన్నానుగా."

డాబా మీంచి గోడ వెంట దిగి గదిలోకొచ్చిన ఆ నల్లతీగకి కుర్ర ఇంజినీర్లు 'అరువు తీగ' అని పేరు పెట్టారు. రెండు నెలలు కాస్తా పదకొండేళ్ళయింది.

ఇక పరీక్షల సంగతి చెప్తే కడుపు మండిపోతుంది. కొత్త డబ్బాని పరాయి డబ్బా పక్కన పెట్టేవాళ్ళు. రెండూ ఒకే చోటు చూపిస్తే చప్పట్లు! పక్కవాడి పేపరు చూసి రాసినవాడు, నా జవాబు పక్కవాడి జవాబుతో సరిపోయిందని మురిసిపోయినట్టుంది కదూ? అంత చదువుకున్న వాళ్ళలో ఒక్కడికైనా నవ్వు రాలేదు. ఏ మాటకామాట చెప్పుకోవాలి, కొన్నాళ్ళకి ఆవిడకీ అది అలవాటైపోయింది. అయినా ఏటా తీగ పీకుదామని ఓ ఉత్తరం రాసేది. ఏటా అది ఫైల్లో పడేది.

వ్యవస్థని జాతికి అంకితం చేసే ముందు ఓ ధ్రువపత్రం తయారైంది. 'ఇది ఏ ఇతర వ్యవస్థ సాయమూ లేకుండా నడుస్తుంది' అని అందులో ఒక వాక్యం. దాని కింద సమయ విభాగం తరఫున ఆవిడ సంతకం చేయాలి. నాలుగు రోజులు ససేమిరా అంది. ఐదో రోజు పెద్దసారే నేలమాళిగలోకి దిగొచ్చాడు.

"సంతకం పెట్టమ్మా. వచ్చే ఏడాది నీ లైను నీకిస్తా. పెట్టనంటావా, గది ఇంకొకరికి అప్పజెప్తా. వాళ్ళు తలుపులు బార్లా తీసుకుని కూర్చుంటారో, ఏం చేస్తారో నాకు తెలీదు."

ఆయనకి మనుషుల ఆయువుపట్టు తెలుసు. ఆవిడ ఐదు బీరువాల వంకా చూసింది, సంతకం పెట్టింది. లైను మాత్రం రాలేదు.

ఆవిడకి ఒక్కడే తమ్ముడు, ఆవిడ చేతుల మీద పెరిగినవాడు. నది సముద్రంలో కలిసే చోట రేవు నుంచి రేవుకి జనాన్ని దాటించే లాంచీకి సరంగు. పొగమంచు పట్టిన పొద్దుల్లో అవతలి గట్టు మీద మోగే సైరన్ని బట్టి, నీళ్ళలో గెడ వేసి లోతు చూసుకుంటూ, లాంచీని తాబేలు నడక నడిపించేవాడు. అంకితమైన ఆర్నెల్లకి ఉత్తర్వొచ్చింది: జనాన్ని ఎక్కించుకునే లాంచీల్లో మన డబ్బాలే ఉండాలి, పరాయివి తీసేయాలి. ఇక దేనికని సైరన్ కూడా విప్పేసి పట్టుకుపోయారు.

కొత్త డబ్బా బిగించిన రోజు తమ్ముడు నేరుగా అక్క ఇంటికొచ్చాడు.

"అక్కా, ఇది మీ వాళ్ళు చేసిందే కదా. నిజం చెప్పు, పొగమంచులో దీన్ని నమ్మి పోవచ్చా?"

ఆవిడ మనసులో ఓ లెక్క గిర్రున తిరిగింది. పదకొండేళ్ళలో పరాయి సంకేతం నాలుగు గంటలకి మించి ఏనాడూ ఆగలేదు. ఆగినా, చిన్న గడియారాలు ఓ రోజు వరకూ కట్టు తప్పవు. ఇంకేం?

"నమ్మొచ్చురా" అంది.

వాడు మళ్ళీ అడగలేదు. పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగినా రెండుసార్లు రుచి చూసి గానీ చెప్పని మనిషి ఆవిడ. అలాంటి అక్క నమ్మమంటే ఇక తిరుగేముంది?

ఆ మరుసటి చలికాలంలో పరాయి వాళ్ళ దగ్గర్నుంచి సంస్థకి మర్యాదగా ఓ నోటీసొచ్చింది. మరమ్మతుల వల్ల ఫలానా తేదీ నుంచి మూడు రోజుల పాటు ఈ ప్రాంతానికి తమ సంకేతం ఉండదని. వారం ముందే చెప్పారు, పాపం! ఆవిడ ఆ కాగితం పట్టుకుని పెద్దసారు గదికి పరిగెత్తింది.

"మొదటి రోజు ఫర్వాలేదు సార్. రెండో రోజుకి పది మీటర్లు తప్పొచ్చు. మూడో రోజుకి వంద దాటుతుంది. తప్పు చూపిస్తున్నానని డబ్బాకి తెలీదు, ధీమాగా చూపిస్తుంది. రేవులకీ ఆసుపత్రులకీ కబురు పంపించాలి."

"ఏమని పంపిస్తాం?" పెద్దసారు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. "వాళ్ళది ఆగితే మనదీ ఆగుతుందనా? ఎవరి సాయమూ లేదని సంతకం పెట్టింది నువ్వే కదమ్మా."

ఆవిడ కక్కలేక మింగలేక ఇంటికొచ్చి కూర్చుంది. ఫ్రిజ్ తలుపు మీద తమ్ముడి డ్యూటీ చార్టు అంటించి ఉంది, సెలవు రోజున వాడు మధ్యాహ్నం భోజనానికి ఇక్కడికే వస్తాడు కాబట్టి. మూడో రోజు బుధవారం. బుధవారం వాడికి సెలవు.

హమ్మయ్య అనుకుంది.

అంతే. వాడికి ఫోన్ చెయ్యలేదు. చేస్తే ఎందుకని అడుగుతాడు, నమ్మమన్న నోటితోనే నమ్మొద్దని చెప్పాలి, వాడు రేవంతా చాటుతాడు, గది పోతుంది. బుధవారం పొద్దున ఆ లాంచీ ఎవరో ఒకరు నడుపుతారని ఆవిడకి తట్టలేదా అంటే, తట్టింది. తట్టిన ఆలోచనని అవతలికి నెట్టేసి అన్నం వండుకుంది. ఆవిడంటే నాకెంత గౌరవమున్నా ఇక్కడ మాత్రం వెనకేసుకురాలేను.

బుధవారం తెల్లారేసరికి చెయ్యి చాస్తే చెయ్యి కనపడని పొగమంచు. ఆవిడ ఆరింటికే ఆఫీసు చేరి, ఫోన్ అరలో పెట్టి, గదిలో కూర్చుని ఆరు కేంద్రాల అంకెలూ విడిపోతూ ఉండడం చూస్తూ ఉంది. పదకొండింటికి బయటికొచ్చి ఫోన్ తీస్తే తమ్ముడి కబురుంది. పొద్దున ఆరూ ఇరవైకి పెట్టాడు. 'అక్కా, ఇవాళ భోజనానికి రాను. రెండో సరంగు వాళ్ళమ్మ బాత్రూంలో జారిపడిందట, వాడి డ్యూటీ నేను ఎక్కుతున్నా.' దాని కింద మరదలి నుంచి పద్నాలుగు కాల్స్.

నది మధ్య లోతు దారి అని డబ్బా చూపించిన చోట నిజానికి పాత వంతెన రాతి స్తంభాలున్నాయి. లాంచీ వాటికి గుద్దుకుని పక్క చీలిపోయింది. ముప్ఫై నలుగురు జనాన్ని తమ్ముడూ, రేవు వాళ్ళూ కలిసి పైకి లాగారు. కింద ఇంజిన్ దగ్గరున్న మనిషి మాత్రం రాలేదు. పదహారేళ్ళుగా తమ్ముడితో పనిచేసిన మేస్త్రీ, వాడు బాబాయ్ అని పిలుచుకునే మనిషి.

నేరం సరంగు నెత్తిన వేశారు. వేగం తగ్గించలేదన్నారు, గెడ వేయలేదన్నారు, లైసెన్సు లాగేసుకున్నారు. అప్పుడు లేచింది గడియారాలమ్మ. ఎవరూ పిలవకుండానే విచారణకి వెళ్ళి, పదకొండేళ్ళ ఉత్తరాలూ, ఆ తీగ ఫొటోలూ, నోటీసూ బల్ల మీద పెట్టింది. ధ్రువపత్రం మీద సంతకం నాదే, అది అబద్ధం అంది. పెద్దసారు మాత్రం తొణకలేదు. "అది సాయం కాదండీ, సరిపోల్చి చూసుకోవడం మాత్రమే" అన్నాడు. ఎంత చక్కగా మసిపూసి మారేడుకాయ చేశాడో చూడండి! చివరికి ఎవరికీ శిక్ష పడలేదు. ఆవిడని స్టోర్సుకి మార్చారు. ఆ గదికి ఇప్పుడు ముగ్గురు నలుగురు ఒకేసారి వెళ్తారట, ఫోన్లతో సహా. తమ్ముడికి మాత్రం ఏడో నెలలో లైసెన్సు తిరిగొచ్చింది. పేపర్లు ఆవిణ్ణి ధైర్యవంతురాలని మెచ్చుకున్నాయి.

లైసెన్సు వచ్చిందని తెలిసిన రోజు ఆవిడ తమ్ముడింటికి వెళ్ళింది. గడియారాలు పోయినా తమ్ముణ్ణి నిలబెట్టుకున్నానన్న తృప్తి కాస్త ఉంది మనసులో. వాడు మంచం మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. తలెత్తలేదు.

"నోటీసు వారం ముందే వచ్చిందట కదక్కా?"

"వచ్చింది."

"నాకెందుకు చెప్పలేదు?"

జవాబు ఆవిడ నోట్లోంచి జారిపోయింది, ఆలోచించే లోపే. "ఆ రోజు నీకు సెలవు కదరా!"

అప్పుడు తలెత్తాడు. చిన్నప్పట్నుంచీ ఎరిగిన మొహమే, కానీ ఎవరో కొత్త మనిషిని చూస్తున్నట్టు చూశాడు. వంటింట్లో మరదలి చేతిలో గరిటె చప్పుడు ఆగిపోయింది.

"నేను లేకపోతే రెండో సరంగు ఎక్కేవాడు. జనం ఎలాగూ ఎక్కేవాళ్ళు" అన్నాడు నెమ్మదిగా. "అయినా, బాబాయికి బుధవారం సెలవు కాదక్కా. నీకు తెలుసుగా, ఆయనకసలు సెలవే లేదు."

ఆవిడ ఏదో చెప్పబోయింది. వాడు వద్దన్నట్టు చెయ్యెత్తి, లేచి, చొక్కా తొడుక్కున్నాడు. అక్క ముందే తెలిసీ చెప్పలేదన్న సంగతి మేస్త్రీ భార్యకి తనే చెప్పి రావాలని, బయటివాళ్ళు చెప్తే బావుండదని మరదలితో అన్నాడు.